హెచ్.ఐ.వి.తో షష్టిపూర్తి

మన తెలుగువాళ్ళకు అరవయ్యో ఏడు ఒక గండం. ఆ గండం గడవడానికి షష్టిపూర్తి పేరుతో ఉగ్రరథ శాంతి చేయిస్తారు. కలశాలు పెట్టి, హోమం చేసి, దంపతులకు మళ్ళీ పెళ్ళి చేసి, పురోహితుడికి దక్షిణ ఇస్తే మృత్యువు పక్కకు తప్పుకుంటుందని నమ్మకం. డెబ్భైకి భీమరథ శాంతి అని ఇంకొకటి ఉంది. గండాలకు కొదవ లేదు, శాంతులకూ కొదవ లేదు.

ఏ శాంతీ లేకుండా అసలైన గండం దాటినవాళ్ళు మన మధ్య ఉన్నారు. వాళ్ళకు గండం పంచాంగం చూసి రాలేదు. పాతికేళ్ళకో ముప్పై అయిదేళ్ళకో రక్త పరీక్ష కాగితం రూపంలో వచ్చింది. 1990లలో ఆ కాగితం అందుకున్న మనిషికి మన దేశంలో వైద్యుడు చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు. అలాంటివాళ్ళలో మందు అందేదాకా ప్రాణాలు నిలబెట్టుకున్నవాళ్ళు ఇవాళ అరవైకి చేరుతున్నారు. ప్రపంచంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారిలో కనీసం అయిదుగురికి ఒకరు యాభై దాటినవారే.

హేతువాదులుగా మనం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. వీళ్ళను ఎవరు బతికించారు? బతికినవాళ్ళకు ఇప్పుడు ఏం కావాలి? మొదటి ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మనం.

చావు కబురు కాలం

1981లో అమెరికాలో ఈ జబ్బును మొదటిసారి గుర్తించారు. అప్పుడు మన దగ్గర చాలామంది "అది పాశ్చాత్యుల రోగం, మన సంస్కృతే మనకు రక్ష" అన్నారు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ పర్యవేక్షణలో పరిశోధక విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించారు. వాటిని వెల్లూరు తీసుకువెళ్ళి పరీక్షిస్తే ఆరింటిలో వైరస్ బయటపడింది. సంస్కృతి అనే కవచం పరీక్షనాళికలో నిలవలేదు.

తర్వాత వచ్చింది భయం. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేస్తే హెచ్.ఐ.వి. ఉందని తేలింది. పోలీసులు పట్టుకుపోయి, పాడుబడ్డ క్షయ శానిటోరియంలో 64 రోజులు ఒంటరిగా బంధించారు. ఆయన చేసిన నేరం రక్తం ఇవ్వడం. అప్పటి గోవా చట్టం అలాంటి నిర్బంధాన్ని అనుమతించేది. ఆయన న్యాయస్థానానికి వెళ్ళాడు, తనలాంటివారి కోసం సంఘం పెట్టాడు, 1992లో మరణించాడు. 1997లో బొంబాయి హైకోర్టు మరొక కేసులో ఒక ముఖ్యమైన మాట చెప్పింది. పని చేయగల స్థితిలో ఉన్న మనిషిని హెచ్.ఐ.వి. ఉన్నదన్న ఒక్క కారణంతో ఉద్యోగానికి దూరం చేయడం చెల్లదన్నది ఆ తీర్పు. గుర్తు పెట్టుకోండి, అప్పటికి ఈ దేశంలో సామాన్యుడికి మందు లేదు. ముందు హక్కు వచ్చింది, మందు తర్వాత వచ్చింది.

మందు ఎక్కడ నుంచి వచ్చింది?

1987లో ఎ.జడ్.టి. అనే మొదటి మందు అమెరికాలో ఆమోదం పొందింది. మన దేశంలో దాన్ని చవకగా తయారు చేసే పద్ధతిని హైదరాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో రూపొందించారు. అప్పుడు ఆ సంస్థకు సంచాలకుడు గుంటూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త ఆళ్ళ వెంకట రామారావు. ఆ పద్ధతితో సిప్లా కంపెనీ 1990లలో మందు చేసి అమ్మింది. తెలుగువాళ్ళం మహిమలు చేసే బాబాల పేర్లు పది చెప్పగలం. ఈ పేరు ఎంతమందికి తెలుసు?

ఒక్క ఎ.జడ్.టి.తో లాభం తాత్కాలికమే. వైరస్ త్వరగా మారిపోతుంది, మందుకు లొంగదు. 1996లో మూడు మందులు కలిపి ఇస్తే వైరస్ అణిగి ఉంటుందని రుజువైంది. పాశ్చాత్య దేశాల్లో మంచాన పడ్డవాళ్ళు లేచి కూర్చున్నారు. కానీ ధర మనిషికి ఏడాదికి పది వేల డాలర్లకు పైమాటే. 2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ అదే మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని 'మెడిసాన్ సాన్ ఫ్రాంటియర్' వైద్య సంస్థకు ప్రకటించారు. ఇది దానధర్మం వల్ల సాధ్యం కాలేదు. మన 1970 పేటెంట్ల చట్టం మందుకు పేటెంటు ఇవ్వకుండా, తయారీ పద్ధతికే ఇచ్చేది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. ఆ చట్టం లేకపోతే ఈ కథ లేదు.

2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం ఉచిత చికిత్స మొదలుపెట్టింది. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలనూ ఢిల్లీనీ ముందు ఎంచుకుంది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తర్వాత హైదరాబాదు కంపెనీలు ఆఫ్రికా దేశాలకు కూడా ఈ మందులు పంపే స్థాయికి ఎదిగాయి. 2017లో మూడు మందులు ఒకే మాత్రలో, ఏడాదికి సుమారు 75 డాలర్లకు ఇచ్చే ఒప్పందం ప్రకటించారు. ఆ మాత్ర తయారు చేసేవాటిలో అరబిందో ఫార్మా ఒకటి.

2015లో వెలువడిన స్టార్ట్ పరిశోధన ఇంకో మాట రుజువు చేసింది. రోగ నిరోధక శక్తి పడిపోయే దాకా ఆగకుండా వెంటనే మందు మొదలుపెట్టినవారిలో తీవ్రమైన జబ్బులూ మరణాలూ సగానికి పైగా తగ్గాయి. మన దేశం 2017 నుంచి పరీక్షలో తేలిన అందరికీ మందు ఇస్తోంది. క్రమంగా మందు వేసుకుని, రక్తంలో వైరస్ కనబడని స్థాయికి వచ్చిన మనిషి నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదని కూడా పెద్ద పరిశోధనల్లో తేలింది.

ఎవరు బతికించారన్న ప్రశ్నకు ఇదీ జవాబు. ప్రయోగశాల, ఒక చట్టం, రోగుల పోరాటం, ప్రభుత్వ ఆసుపత్రి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అరవై దాకా వచ్చేవారు అతి కొద్దిమందే.

సందేహం వేరు, నిరాకరణ వేరు

ఇక్కడ మనవాళ్ళు జాగ్రత్తగా చూడాల్సిన అధ్యాయం ఒకటుంది. హెచ్.ఐ.వి. వల్ల ఎయిడ్స్ రాదని వాదించినవాళ్ళు అందరూ స్వాములు కారు. పీటర్ డ్యూస్‌బర్గ్ పేరున్న శాస్త్రవేత్త. వాళ్ళు తమను సంశయవాదులమని చెప్పుకున్నారు. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకి ఆ వాదనను తలకెక్కించుకున్నాడు, మందుల పంపిణీ ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి 3,30,000కు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్క కట్టారు. సాక్ష్యం అడగడం సందేహం. సాక్ష్యం వచ్చాక కూడా ఒప్పుకోకపోవడం మూఢత్వమే, దానికి డిగ్రీ ఉన్నా సరే.

మన దగ్గర ఆ పాత్ర వ్యాపారులు పోషించారు. 1990లలో కొచ్చి నుంచి ఫెయిర్ ఫార్మా అనే సంస్థ 'ఇమ్యునో క్యూ.ఆర్.' అనే దాన్ని ఎయిడ్స్ మందుగా అమ్మింది. 2006 డిసెంబరులో బాబా రాందేవ్ యోగాతో ఎయిడ్స్ నయమవుతుందన్నట్టు మాట్లాడారని వార్తలు వస్తే కేంద్ర ఆరోగ్య శాఖ నోటీసు పంపింది. తన మాటలు వక్రీకరించారని ఆయన సర్దుకున్నారు. మన చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒక పట్టిక ఉంది. ఏ జబ్బులను నయం చేస్తామని మందులవాళ్ళు చెప్పుకోకూడదో అందులో రాశారు. ఆ పట్టికలో మొట్టమొదటి పేరు ఎయిడ్స్. చట్టం ఉన్నా 2021లో కృష్ణపట్నంలో కరోనా మందు కోసం ఎంత జనం ఎగబడ్డారో చూశాం.

వాళ్ళ మందు వాడి ఫలానావాడు బాగుపడ్డాడని చెబుతారు. అసలు మందు మానేసి, పసరు తాగి పోయినవాడు వచ్చి సాక్ష్యం చెప్పలేడు. వీళ్ళ ప్రచారం అంతా ఈ ఒక్క లొసుగు మీద నడుస్తుంది.

శరీరం చెప్పే లెక్క

చావు తప్పింది కానీ కథ అయిపోలేదు. వైరస్ అణిగి ఉన్నా శరీరంలో రోగ నిరోధక వ్యవస్థ ఎప్పుడూ కొంత రగులుతూనే ఉంటుంది. సన్నని సెగలాంటి ఈ వాపు ఏళ్ళ తరబడి రక్తనాళాలను దెబ్బ తీస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు ఇతరులకన్నా సుమారు రెట్టింపు అని పరిశోధనలు చెబుతున్నాయి. ఎముకలు పలచబడడం, మూత్రపిండాలు దెబ్బతినడం, షుగరు, మతిమరుపు ఇవన్నీ కొంత ముందుగా తలుపు తడతాయి.

రెండోది, మొదటి మందులు మిగిల్చిన గుర్తులు. 2004లో ఉచితంగా ఇచ్చిన చికిత్సలో స్టావుడిన్ అనే మందు వాడేవారు. అది ప్రాణం కాపాడింది. దాంతో పాటు బుగ్గలు లోపలికి పోయాయి, కాళ్ళు చేతులు సన్నబడ్డాయి, పాదాల్లో తిమ్మిర్లు మంటలు పట్టుకున్నాయి. ఆ పీక్కుపోయిన ముఖం చూసి ఊళ్ళో వాళ్ళు జబ్బేమిటో ఊహించేవారు. తర్వాత ఆ మందు తీసేశారు. పాదాల మంట మాత్రం చాలామందికి మిగిలింది. మందుకు దుష్ఫలితాలు ఉంటాయని ఒప్పుకోవడం శాస్త్రానికి సిగ్గు కాదు. ఆ ఒప్పుకోలు వల్లే మెరుగైన మందు వస్తుంది.

మూడోది, మందుల మధ్య పేచీలు. ఇప్పుడు మన దేశంలో ఎక్కువమంది వాడేది డోల్యుటెగ్రావిర్ ఉన్న మాత్ర. ముసలితనంలో చాలామంది వేసుకునే కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాసుకు తాగే యాంటాసిడ్లు దాన్ని ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మోతాదు రక్తంలో పెరిగిపోయేలా ఈ మందు చేస్తుంది. అందుకే ఏది ఎప్పుడు, ఎంత వేసుకోవాలో వైద్యుడు చూసి చెప్పాలి.

నాటువైద్యం కొత్త వేషంలో వచ్చేది ఇక్కడే. ఎయిడ్స్ నయం చేస్తానని ఇవాళ బోర్డు పెట్టేవాళ్ళు తగ్గారు. "కీళ్ళ నొప్పులకు మూలికల పొడి", "షుగరుకు కషాయం", "బలానికి భస్మం" అంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. శంఖభస్మం అంటే ప్రధానంగా కాల్షియం సమ్మేళనమే. అది హెచ్.ఐ.వి. మాత్రకు అడ్డం పడే కోవకే చెందుతుంది. పాదరసం, సీసం ఉన్న భస్మాలు మూత్రపిండాలకు చేటు. టెనోఫోవిర్ వాడేవారు మూత్రపిండాలను ముందే కాచుకోవాలి. కొన్ని కీళ్ళ నొప్పుల పొడుల్లో చెప్పకుండా స్టెరాయిడ్లు కలుపుతారు. రిటొనావిర్ ఉన్న రెండో దశ మందులు వాడేవారికి ఆ స్టెరాయిడ్లు శరీరంలో పేరుకుపోతాయి. "సహజమైనది, హాని లేదు" అనే మాట ఈ వయసువాళ్ళకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

రుజువైన దారి కూడా ఉంది. 12 దేశాల్లో 40 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసున్న 7,769 మంది మీద జరిగిన రిప్రీవ్ పరిశోధన ఫలితం 2023లో వచ్చింది. కొలెస్టరాల్ తగ్గించే పిటవాస్టాటిన్ మాత్ర రోజూ వేసుకున్న హెచ్.ఐ.వి. రోగుల్లో గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. పేచీ ఏమిటంటే, మన చికిత్సా కేంద్రాలు ఒక్క వైరస్ కోసం కట్టుకున్నవి. అరవై ఏళ్ళ మనిషికి గుండె, కన్ను, ఎముక, మనసు అన్నీ ఒక్కచోట చూసేవాళ్ళు కావాలి. ఇప్పుడు ఒక్కో దానికి ఒక్కో వరుసలో నిలబడాలి. ప్రతి వరుసలోనూ తన జబ్బు సంగతి చెప్పాలా, దాచాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. దాస్తే మందుల పేచీ, చెబితే మనుషుల పేచీ.

జంషెడ్‌పూర్ నుంచి చూస్తే

ఉక్కు కర్మాగారం కోసం పుట్టిన ఈ ఊరికి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తరతరాలుగా తెలుగువాళ్ళు వచ్చారు. 1912లో మొదటి ఉక్కు దిమ్మ వచ్చిన నాటి నుంచీ ఇది వలస కార్మికుల ఊరే. కంపెనీ క్వార్టర్ ఉద్యోగంతో పాటే వస్తుంది, ఉద్యోగంతో పాటే పోతుంది. రిటైరైన తెలుగు కార్మికుడు ఇక్కడే ఇల్లు కట్టుకోవాలా, ఊరికి పోవాలా అని తేల్చుకోవాలి. హెచ్.ఐ.వి. ఉన్న మనిషికి ఈ లెక్క ఇంకొంత కష్టం. ఇక్కడ ఎం.జి.ఎం. వైద్య కళాశాల ఆసుపత్రిలో ఎ.ఆర్.టి. కేంద్రం ఉంది. కాగితాలు మార్పించుకుంటే స్వరాష్ట్రంలోని కేంద్రంలో అదే మందు ఉచితంగా ఇస్తారు. మందు మారదు, పింఛను మారుతుంది. జార్ఖండ్ ప్రభుత్వం హెచ్.ఐ.వి. బాధితులకు నెలకు 1,000 రూపాయలు ఇస్తుంది. తెలంగాణ 2019లో 2,016 చేసింది. ఆంధ్రప్రదేశ్ 2024 జూలైలో 4,000 చేసింది. ఒకే వైరస్, ఒకే వయసు. రాష్ట్రం సరిహద్దు దాటితే మనిషి విలువ నాలుగు రెట్లు మారుతోంది.

ఎక్కువ నష్టపోయేది వితంతువులు. భర్త నుంచి జబ్బు సోకి, భర్త పోయి, అత్తవారింట్లో "నీవల్లే పోయాడు" అనిపించుకుని, ఆస్తిలో వాటా లేకుండా పుట్టింటికి చేరిన ఆడవాళ్ళ వయసు ఇప్పుడు యాభై పైన. పిల్లలకు చెప్పని గుట్టు మంచాన పడ్డప్పుడు ఎలా దాచాలన్నది వాళ్ళ భయం.

ఈ ప్రాంతంలో మనకు తెలిసిన ఇంకో ఘోరం ఉంది. ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే ఓఝా వచ్చి ఒక ఒంటరి ముసలామెను మంత్రగత్తె అని చూపిస్తాడు. జంషెడ్‌పూర్‌లోని ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడింది. 1999లో బీహార్ చట్టం చేసింది, జార్ఖండ్ దాన్ని కొనసాగించింది. అలాంటి హింస అనుభవించి, ఇతరులను కాపాడిన సరాయ్‌కేలా ప్రాంతపు ఛుట్నీ మహతోకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. మంత్రగత్తె అనడానికీ "నీవల్లే పోయాడు" అనడానికీ మూలం ఒక్కటే. రోగానికి కారణం వెతకాల్సిన చోట నేరస్తుణ్ణి వెతకడం. "పూర్వజన్మ కర్మ" అనే మర్యాదైన మాట కూడా ఈ కోవలోదే.

దీనికి ఎదురుగా మనవాళ్ళు చేసిన పని కూడా చెప్పుకోవాలి. గోరా 1940లో స్థాపించిన నాస్తిక కేంద్రం కుటుంబం నుంచే విజయవాడలో 1969లో వాసవ్య మహిళా మండలి వచ్చింది. గోరా కుమార్తె, రెండుసార్లు లోక్‌సభకు ఎన్నికైన చెన్నుపాటి విద్య దాన్ని నడిపారు. ఆ సంస్థ హెచ్.ఐ.వి. ఉన్న ఇళ్ళకు వెళ్ళి సేవ చేసింది. తల్లిదండ్రులు పోయిన పిల్లలను పెంచుతున్న అమ్మమ్మలకూ నానమ్మలకూ సంఘాలు ఏర్పాటు చేసింది. దేవుణ్ణి నమ్మనివాళ్ళకు దయ ఉండదనేవారికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

చైబాసా పిల్లలు

2025 అక్టోబరులో మనకు డెబ్భై కిలోమీటర్ల లోపే ఉన్న చైబాసా సదర్ ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకున్న అయిదుగురు తలసీమియా పిల్లలకు హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలింది. హైకోర్టు పట్టించుకుంది, ప్రభుత్వం సివిల్ సర్జన్‌ను సస్పెండ్ చేసింది, కుటుంబాలకు రెండేసి లక్షలు ప్రకటించింది. ఆ పిల్లల్లో కొందరికి ఏడెనిమిదేళ్ళు. ఇప్పటి మందులతో హెచ్.ఐ.వి. వాళ్ళను చంపాల్సిన పని లేదు. అంటే వాళ్ళు యాభై ఏళ్ళకు పైగా రోజూ మాత్ర వేసుకోవాలి, బడిలో చదవాలి, ఉద్యోగం అడగాలి, ముసలివాళ్ళు కావాలి. రెండు లక్షలు యాభై ఏళ్ళకు పంచితే నెలకు మూడు వందల ముప్పై రూపాయలు.

ఇవాళ్టి అరవై ఏళ్ళవాళ్ళకు మనం ఏ ఏర్పాటు చేస్తామో, ఆ పిల్లలకు మిగిలేది అదే.

మనం చేయాల్సినవి

2017లో హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, బీమా, వీటిలో వివక్ష కూడదని అది చెబుతుంది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, జబ్బు సంగతి బయట పెట్టకూడదు. వంద మంది లేదా అంతకు పైగా పనిచేసే చోట ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆసుపత్రుల్లో ఇరవై మంది ఉంటే చాలు. ప్రతి రాష్ట్రానికీ అంబుడ్స్‌మన్ ఉండాలి. కర్మాగారాల ఊళ్ళో ఉన్న మనం ముందు అడగాల్సింది ఇదే: మీ సంస్థలో ఆ అధికారి ఎవరు?

రెండు, మన సభల్లో నిప్పుల మీద నడిచి చూపిస్తాం, గాలిలోంచి విభూతి తీసి చూపిస్తాం. మంచిదే. దాంతో పాటు యాభై దాటినవారికి మందుల పేచీల గురించి, భస్మాల గురించి తెలుగులో ఒక పేజీ కరపత్రం వేద్దాం. వైద్యులకు చూపించి సరిచేయిద్దాం. నయం చేస్తామని ఎవరైనా ప్రకటన వేస్తే దాన్ని కత్తిరించి ఔషధ నియంత్రణ అధికారికి పంపుదాం.

మూడు, ఎ.ఆర్.టి. కేంద్రంలోనే బి.పి., షుగరు, మూత్రపిండాలు, మానసిక ఆరోగ్యం చూడాలని ప్రతి జిల్లాలో అర్జీలు పెడదాం.

నాలుగు, ఇది డబ్బు ఖర్చు లేని పని. మన ఇంట్లో, మన వీధిలో ఎవరికైనా ఈ జబ్బు ఉందని తెలిస్తే "ఎలా వచ్చింది?" అని అడగడం మానేద్దాం. ఆ ప్రశ్నకు జవాబు చికిత్సను మార్చదు, మనిషిని మాత్రం కుంగదీస్తుంది. "మందు సరిగ్గా అందుతోందా? ఆసుపత్రికి తోడు రమ్మంటారా?" అని అడుగుదాం. ఇరవై ఏళ్ళుగా ఒంటరిగా ఆ వరుసలో నిలబడ్డ పెద్దమనిషికి ఈ రెండో ప్రశ్న వేసినవాళ్ళు చాలా తక్కువ.